గోడ కింద పోయిన ఏడుగురి పేర్లు రాయి మీద ఎలా రాయించాలి? సలహా చెప్పండి

మూడో బ్లాక్ అక్క, చెన్నై:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. నాకు నిజంగా సాయం కావాలి.

మేం చెన్నైలో మేడవాక్కం వైపు ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉంటాం. మాది నెల్లూరు జిల్లా, ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్లయింది. రెండేళ్ల క్రితం కార్తీకమాసంలో మూడు రోజులు ఆగకుండా వాన పడింది. మూడో రాత్రి మా కాంప్లెక్స్ వెనక ప్రహరీ గోడ అవతలికి పడిపోయింది. అవతల ఖాళీ స్థలంలో రేకుల షెడ్లు ఉండేవి. పక్క సైట్లో పనిచేసేవాళ్లు వాటిలో పడుకునేవాళ్లు. ఏడుగురు పోయారు. ఐదుగురు శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి వైపు వాళ్లు, అందరిదీ ఒకే ఊరు. మిగతా ఇద్దరు ఒడిశాలో పర్లాకిమిడి దగ్గరనుంచి వచ్చారు. ఆ ఐదుగురిలో ఒక తల్లి, ఆమె పదకొండు నెలల పాప ఉన్నారు.

ఆ గోడ మాది. ఇది దాచి సలహా అడిగితే మీరు చెప్పేది సరిగ్గా ఉండదు, అందుకే ముందే చెప్తున్నాను. మా వైపు పచ్చిక పెంచడానికి గోడకి ఆనించి నాలుగడుగుల ఎత్తున మట్టి పోశారు. గోడకి నీళ్లు పోయే కన్నాలు లేవు. అది మామూలు ప్రహరీ గోడ, మట్టిని ఆపడానికి కట్టింది కాదు. వాన నీరు తాగిన మట్టి బరువంతా దాని మీద పడింది. తర్వాత ఇంజినీరు వచ్చి చెప్పేదాకా మాలో ఎవరికీ ఈ సంగతి తెలియదు. అన్నేళ్లూ ఆ పచ్చిక మీద మా పిల్లలు ఆడుకున్నారు.

ఆ రాత్రి నన్ను లేపింది నాకు తెలుగు, తమిళం రెండూ వచ్చని. బతికి బయటపడ్డ మేస్త్రి ఒక్కొక్కరి పేరూ చెప్తుంటే నేను తమిళంలో చెప్పాను, పోలీసాయన టార్చి వెలుగులో రాసుకున్నాడు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కదా. త, ద కూడా అంతే. గౌరమ్మ అనే పేరు తమిళంలో రాసి, దాన్ని చూసి మళ్లీ తెలుగులో రాస్తే కౌరమ్మ అవుతుంది. మా వాళ్ల కాగితాల్లో సరిగ్గా అదే జరిగింది. మూడు పేర్లు మారిపోయాయి. నష్టపరిహారం కోసం బ్యాంకుకి వెళ్తే ఆధార్ పేరు, ఈ పేరు కలవక ఇంట్లోవాళ్లు నాలుగు నెలలు తిరిగారు. నేను దగ్గరుండి ఒక్కో అక్షరం విడమరిచి చెప్పి ఉంటే ఇది జరిగేది కాదు. పాపకి అసలు పేరే రాయలేదు. "ఆడ శిశువు, 11 నెలలు" అని ఉంది. సంక్రాంతికి ఊరెళ్లి పేరు పెడదామనుకున్నారట.

ఇప్పుడు విషయానికొస్తాను. ఒక జ్ఞాపక చిహ్నం కట్టాలని మా అసోసియేషన్ ఒప్పుకుంది. మూడు లక్షలు పక్కన పెట్టారు. ఒక డిజైనర్ బొమ్మ గీసిచ్చాడు. పన్నెండు అడుగుల స్టీలు పువ్వు, ఏడు రెక్కలు, రాత్రి పూట నీలం లైట్లు. పేర్లేమో కింద దిమ్మె మీద, మోకాలి ఎత్తులో, ఒక ఇత్తడి పలక మీద ఇంగ్లీషులో. కమిటీలో చాలామందికి నచ్చింది. నాకు మాత్రం ఆ బొమ్మ చూసినప్పటినుంచీ మనసు ఒప్పుకోవడం లేదు. వాళ్ల అమ్మో, అన్నో ఊరినుంచి వచ్చి ఆ పలక ముందు వంగి, రాని భాషలో పేరు వెతుక్కోవడం నాకు కళ్లకు కడుతోంది.

గేటు లోపల పెడితే ఇంకో చిక్కుంది. తమ వాళ్ల పేరు చూసుకోవడానికి వాళ్లు సెక్యూరిటీ దగ్గర విజిటర్ పుస్తకంలో సంతకం పెట్టాలి, ఏ ఫ్లాట్‌కి అంటే చెప్పాలి. బయట ఫుట్‌పాత్ మీదంటే కార్పొరేషన్ అనుమతి కావాలి.

ఎక్కడ పెట్టాలి, ఏ లిపిలో రాయాలి, గోడ ఎందుకు కూలిందో రాయాలా వద్దా, పాప దగ్గర ఏం రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి. కమిటీ మీటింగు వచ్చే ఆదివారం ఉంది.

---

కుప్పం రాయి:

అమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా గ్రానైట్ పనిలో ఉన్నాను. రాయి గురించి వరకు చెప్తాను.

ఇత్తడి వద్దు. సముద్రపు గాలికి నల్లబడుతుంది, నెలకోసారి తోమేవాళ్లు ఉండాలి. పైగా ఇత్తడి పలకని రాత్రి పూట ఊడదీసుకుని పోతారు. రాయి తీసుకోండి. చీమకుర్తి గెలాక్సీ చాలామంది అడుగుతారు, అందంగానే ఉంటుంది. కానీ అందులో బంగారు చుక్కలు మెరుస్తాయి, చిన్న అక్షరం ఆ మెరుపులో కలిసిపోతుంది. చుక్కల్లేని నల్ల రాయి గానీ, బూడిద రంగు రాయి గానీ మేలు.

లేజర్ అచ్చు తక్కువలో అవుతుందని చెప్తారు. అది పైపైన గీసినట్టే ఉంటుంది, లోతు ఉండదు. ఇసుక పోటుతో (శాండ్‌బ్లాస్టింగ్) గానీ, ఉలితో గానీ లోతుగా తీయించండి. రంగు పోయినా వేలితో తడిమితే అక్షరం తెలియాలి. మన తెలుగు అక్షరాలతో ఒక జాగ్రత్త ఉంది. ఫ, ఘ, ష లాంటి వాటిలో లోపలి ఖాళీలు ఇరుకుగా ఉంటాయి. అక్షరం చిన్నదైతే చెక్కేటప్పుడు ఆ మధ్య ముక్క ఎగిరిపోతుంది. ఒక్క పేరు కనీసం రెండంగుళాల ఎత్తు పెట్టండి. వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరసకీ వరసకీ మధ్య ఇంగ్లీషుకి వదిలేదానికంటే ఎక్కువ చోటు వదలండి.

అన్నిటికంటే ముఖ్యమైంది ఇది. పేర్లు వాట్సాప్‌లో టైపు చేసి పంపకండి. కట్టింగ్ మిషన్ కంప్యూటర్లో మన ఫాంటు లేకపోతే వత్తు ఒక చోట, అక్షరం ఒక చోట పడుతుంది. చెక్కేవాడు తమిళ అబ్బాయో, బీహార్ అబ్బాయో అయితే అది తప్పని కూడా అతనికి తెలియదు. అక్షరాలని గీతలుగా మార్చిన ఫైలు ఇవ్వండి. దాన్ని అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి, ఇళ్లకి పంపి, వాళ్లు చదివి సరే అన్నాకే రాయి మీదికి వెళ్లండి. రాయి మీద తప్పు పడితే దిద్దడం ఉండదు, మళ్లీ కొత్త రాయే.

పేర్లు నేల మీద మాత్రం పరచకండి. మన వాళ్లు తొక్కలేరు, తొక్కితే చూడలేరు.

---

సిక్కోలు తమ్ముడు, పోరూరు:

అక్కా, మాది టెక్కలి. చెన్నైలో సెంట్రింగ్ పని చేయిస్తాను. మీ పోస్టు రాత్రి చదివాను, నిద్ర పట్టలేదు.

2014 జూన్ 28న మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల బిల్డింగు కూలినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. 61 మంది పోయారు. అందులో మా శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు ఉన్నారు. ఊరినుంచి వచ్చినవాళ్లకి తమిళం రాదు. మార్చురీ బయట నిలబడి ఎవరేం చెప్తే అది విన్నారు. దాని పక్కనే ఉన్న రెండో బిల్డింగుని 2016 నవంబరు 2న పేలుడు పెట్టి కూల్చారు. ఆ రోజు చూడ్డానికి ఊరంతా వచ్చింది, టీవీలన్నీ చూపించాయి. పోయినవాళ్ల పేర్లు చెప్పమంటే ఇప్పుడు ఎంతమంది చెప్పగలరు?

అందుకే మీరు పేర్ల గురించి అడగడం నాకు నచ్చింది. నాకు తోచినవి చెప్తాను. "కూలీలు" అని గంపగుత్తగా రాయొద్దు. ఒకరు రాడ్ బెండింగ్ చేసి ఉంటారు, ఒకరు తాపీ పని, ఒకరు సెంట్రింగ్. ఎవరి పని వారిది, పేరు కింద రాయండి. ఇంటి పేరు ముందు రాయండి, ఊరి పేరు కూడా వేయండి. మా వైపు ఒకే ఊళ్లో ఒకే పేరుతో నలుగురుంటారు, ఇంటి పేరు లేకపోతే ఎవరో తెలియదు.

తేదీ విషయం. ఇంట్లోవాళ్లు ఏడాదికోసారి చేసేది తిథి ప్రకారం. ఇంగ్లీషు తేదీతో పాటు మాసం, పక్షం, తిథి కూడా చెక్కించండి. వాళ్లు ఏ రోజున వచ్చినా అది వాళ్ల రోజే అవ్వాలి.

పర్లాకిమిడి వాళ్లకి ఒడియాలో రాయాలని మీరే అనేసుకోకండి. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి, సవర వాళ్లూ ఉన్నారు. ఫోన్ చేసి అడగండి. నంబర్లు లేకపోతే చెప్పండి, నేను మేస్త్రీల ద్వారా కనుక్కుంటాను.

పాప సంగతి. కాగితంలో పేరు లేకపోవచ్చు. ఇంట్లో పిలవకుండా ఉండరక్కా. అమ్మమ్మో, నానమ్మో ఏదో ఒకటి పిలిచే ఉంటారు. అది అడగండి.

---

గీతలు, బెంగళూరు:

నేను ఆర్కిటెక్ట్‌ని. మీ డిజైనర్ పని గురించి తప్పు పట్టను. కానీ మీరు ఇబ్బంది పడుతున్న చోటే అసలు విషయం ఉంది. ఆ బొమ్మలో ఎత్తుగా కనబడేది పువ్వు, పేర్లు దానికి అడుగున ఉన్నాయి.

వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో పోయిన సైనికుల గోడ 1982లో కట్టారు. గీసింది మాయా లిన్, పోటీలో గెలిచేనాటికి ఇంకా చదువుకుంటున్న 21 ఏళ్ల అమ్మాయి. ఆమె గీసినదాంట్లో విగ్రహం లేదు, జెండా లేదు, నేలలోకి దిగే నల్ల రాతి గోడ మీద పేర్లు మాత్రమే. అప్పట్లో చాలామంది తిట్టారు. ఇప్పుడు అక్కడికి వచ్చినవాళ్లు చేసేది ఒకటే, తమవాళ్ల పేరు వెతికి దాని మీద చెయ్యి పెడతారు. కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆ పేరు ఇంటికి తీసుకెళ్తారు. కాబట్టి మీ రాయిని చెయ్యి అందే ఎత్తులో పెట్టండి. మీ కమిటీకి ఈ ఒక్క మాట చెప్పండి.

పేర్ల వరస గురించి మీరు అడగలేదు, కానీ అది పెద్ద విషయం. సెప్టెంబరు 11 దాడుల న్యూయార్క్ స్మారకంలో 2,983 పేర్లున్నాయి. వాటిని అక్షర క్రమంలో పెట్టలేదు. ఎవరి పక్కన ఎవరుండాలో కుటుంబాలని అడిగి, అన్నదమ్ముల్నీ స్నేహితుల్నీ కలిసి పనిచేసినవాళ్లనీ పక్కపక్కన పెట్టారు. మీకున్నది ఏడు పేర్లే, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. తల్లి పక్కన పాప ఉండాలి, అది ఎలాగూ తప్పదు. మిగతావాళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో మేస్త్రిని అడగండి.

పాప విషయంలో ఇంకోటి గుర్తొచ్చింది. అదే న్యూయార్క్ స్మారకంలో కడుపుతో ఉండి పోయిన తల్లుల పేర్ల పక్కన "ఆమె పుట్టని బిడ్డ" అని చెక్కారు. ఓక్లహోమా సిటీలో 1995 బాంబు పేలుడుకి 168 మంది పోతే 168 కుర్చీలు పెట్టారు, వాటిలో 19 చిన్నవి, పిల్లల కోసం. పేరు లేకపోయినా బిడ్డకి చోటు ఉండాలి. తల్లి పేరు పక్కన "ఆమె కూతురు, 11 నెలలు" అన్నా అది "ఆడ శిశువు" కంటే వెయ్యి రెట్లు నయం. కానీ సిక్కోలు తమ్ముడు చెప్పినట్టు ముందు అడగండి.

చోటు గురించి: ఫుట్‌పాత్ అక్కర్లేదు. మీరు గోడని ఎలాగూ మళ్లీ కట్టాలి కదా? రోడ్డు వైపు ఒక పది అడుగుల మేర గోడని ఆరడుగులు లోపలికి జరిపి కట్టండి. స్థలం మీదే, కానీ తెరుచుకునేది రోడ్డు వైపు. సంతకం పెట్టక్కర్లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు. అనుమతుల సంగతి మాత్రం మీ లోకల్ ఇంజినీరుతో ఒకసారి చూసుకోండి.

ఇంకొకటి. మా బెంగళూరు హెబ్బాళలో 2018లో కాలువ తవ్వుతుంటే ఒక వీరగల్లు బయటపడింది. ఎనిమిదో శతాబ్దానిది, పోరులో చనిపోయిన కిట్టయ్య అనే ఒకాయన పేరు మీద నిలబెట్టిన రాయి. పన్నెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆయన పేరు మనం చదవగలుగుతున్నాం. మన ప్రాంతాల్లో మనిషి పోతే రాయి నిలబెట్టి పేరు రాయడం కొత్తేమీ కాదు. స్టీలు పువ్వు కోసం అంత దూరం వెళ్లక్కర్లేదని నాకనిపిస్తుంది.

---

పాత చెంగల్పట్టు:

అమ్మాయీ, నాకు డెబ్భై నాలుగు. మా తాతల నాటినుంచి చెంగల్పట్టు పక్కన ఒక పల్లెలో ఉన్న తెలుగు కుటుంబం మాది. ఆర్కిటెక్ట్ గారు వీరగల్లు అన్నారు కాబట్టి నేను ఒకటి గుర్తు చేస్తాను.

ఈ తమిళ నేల మీద పాత దారుల పక్కన "సుమైతాంగి" రాళ్లుంటాయి. చూసే ఉంటారు, ఏమిటో తెలిసి ఉండకపోవచ్చు. రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక బండ. మనిషి భుజం ఎత్తుకి అటూ ఇటూగా ఉంటుంది. తలమీద మూట మోసుకుపోయేవాళ్లు ఎవరి సాయం లేకుండా మూటని దాని మీదికి జరిపి, కాసేపు ఊపిరి తీసుకుని, మళ్లీ తలకెత్తుకోవచ్చు. కడుపుతో ఉండి, కాన్పు కాకుండానే పోయిన ఆడదాని పేరు మీద ఆ రాయి నిలబెట్టేవాళ్లు. ఆమె దించుకోలేకపోయిన బరువుకి బదులుగా, దారిన పోయేవాళ్లు బరువు దించుకుంటారని. మా పల్లె బయట ఒకటి ఉండేది. మా అమ్మ సంతనుంచి వస్తూ దాని దగ్గర గంప దించేది. దించేటప్పుడు ఒకసారి ఆ బండని తాకి కళ్లకద్దుకునేది. ఆ రాయి ఎవరి పేరు మీదో ఆమెకి తెలియదు.

మీవాళ్లు బతికినన్నాళ్లూ ఇసుక, ఇటుక, సిమెంటు తలమీద మోసినవాళ్లు. పోయింది కూడా బరువు కిందే. వాళ్లలో ఒక తల్లి, చంటిబిడ్డ. ఇంతకంటే నేను చెప్పక్కర్లేదు.

---

కోర్టు పక్కన, చెన్నై:

కారణం రాయాలా అని అడిగారు. కేసు నడుస్తూ ఉంటే తప్పు ఫలానా వాళ్లదని రాయొద్దు, రెండు వైపులా ఇబ్బంది. కానీ "ప్రమాదవశాత్తు మరణించారు" అని మాత్రం ఒప్పుకోకండి. ఆ మాట రాస్తే గోడ దానంతటది కూలినట్టు ఉంటుంది. జరిగింది జరిగినట్టు రాయండి: ఫలానా రాత్రి, వానలో, ఈ ఆవరణ ప్రహరీ గోడ కూలి, అవతల నిద్రపోతున్న ఏడుగురు మరణించారు. "ఈ ఆవరణ" అనే మాట వదలకండి. మీటింగులో దాని మీదే గొడవ అవుతుంది, సిద్ధంగా ఉండండి.

---

కుప్పం రాయి:

పెద్దాయన చెప్పింది చదివి లెక్క వేశాను. అడ్డ బండ ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఆరంగుళాల మందం అనుకుంటే బరువు 230 కిలోల దాకా ఉంటుంది. ఊరికే పైన పెట్టకూడదు. నిలువు రాళ్లకి, బండకి కన్నాలు తీసి లోపల స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ దించాలి. మామూలు ఇనుము వాడితే ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉబ్బి రాయిని చీలుస్తుంది. నిలువు రాళ్లు కనీసం రెండున్నర అడుగులు నేలలోకి, కాంక్రీటులో ఉండాలి. చుట్టూ నీళ్లు నిలవకుండా వాలు ఇవ్వండి. గోడ కూలి పోయినవాళ్ల పేరు మీద కడుతున్నది, ఇది కదలకూడదు.

పేర్లు బండ మీద రాయకండి, బరువు పెట్టే చోటు అది. వెనక నిలువు పలక ఒకటి వేసి దాని మీద రాయండి. చెక్కుడు కూలి నేను తీసుకోను. రాయి, లారీ ఖర్చు మీరు పెట్టుకోండి.

---

మూడో బ్లాక్ అక్క, చెన్నై:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆదివారం మీటింగు అయింది. మూడు గంటలు పట్టింది.

సుమైతాంగి రాయి బొమ్మ గీసి తీసుకెళ్లాను, పెద్దాయన రాసింది తమిళంలో చదివి వినిపించాను. మా సెక్రటరీగారిది తిరువణ్ణామలై వైపు పల్లె. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తమ ఊరి రాయి గురించి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. పువ్వు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రోడ్డు వైపు గోడ లోపలికి జరపడానికి ఒప్పుకున్నారు, కార్ పార్కింగు రెండు పోతాయి. వెనక గోడ కొత్తగా కట్టేటప్పుడు మట్టి తీసేసి, నీళ్ల కన్నాలు పెడుతున్నారు. అది రాయి కంటే ముందు జరగాలని నేనే పట్టుబట్టాను.

"ఈ ఆవరణ" దగ్గర నిజంగానే గొడవైంది. ఫ్లాట్ అమ్ముకోవాలంటే ఎవరు కొంటారని ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఓటు పెట్టారు. పదకొండు ఓట్ల తేడాతో ఆ మాట నిలిచింది.

పర్లాకిమిడి ఇద్దరి ఇళ్లకీ సిక్కోలు తమ్ముడు నంబర్లు సంపాదించి ఇచ్చాడు. ఒకరిది తెలుగు ఇల్లే. ఇంకొకరి అన్న ఒడియాలోనే రాయమన్నాడు, తమ్ముడి పేరు తనే కాగితం మీద రాసి ఫోటో పంపాడు. తమిళంలో కూడా అన్ని పేర్లూ వేస్తున్నాం, దారిన పోయేవాళ్లు చదవాలి కదా. క కి గ కి తేడా తెలియదు కాబట్టి తెలుగు పైన, తమిళం కింద.

నిన్న రాత్రి పాప అమ్మమ్మకి ఫోన్ చేశాను. అడగడానికి నోరు రాలేదు, ముందు వానల గురించి, జీడితోట గురించి మాట్లాడాను. తర్వాత అడిగాను, పాపని ఏమని పిలిచేవారమ్మా అని. ఆమె వెంటనే చెప్పింది. నేను రెండోసారి చెప్పమన్నాను, ఒక్కో అక్షరం రాసుకున్నాను, మళ్లీ చదివి వినిపించాను. దీర్ఘం లేదమ్మా అని ఒక చోట దిద్దింది. దిద్దాను. మళ్లీ చదివాను. ఆఁ, అదే, అంది.

ఆ పేరు ఇక్కడ రాయను. ముందు రాయి మీద పడాలి. కుప్పం అన్నగారూ, ప్రింటు కాగితాలు సోమవారం ఊరికి పంపుతున్నాను. వాళ్ల సంతకాలు తిరిగొచ్చాక మీకు ఫోన్ చేస్తాను.